ఆరున్నర అడుగుల మంచం

ఒక మంచం పొడుగు చూసి, ఊరికి రావాల్సిన ఫుట్‌బాల్ కప్పును పొరుగూరి పాలు చేసిన ఘనుడు ఈ దేశంలో నేను కాక ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటే కోటబొమ్మాళి రమ్మనండి. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తీరిగ్గా ఏడుద్దాం. ఇన్నేళ్ళయినా మా ఊళ్ళో పెళ్ళికి వెళ్తే, అన్నం వడ్డించేవాడు కూడా నన్ను చూసి నవ్వాపుకుని అటు తిరిగి పప్పు పోస్తాడు. అది ఆకులో పడదు, నా పంచె మీద పడుతుంది. ఇదంతా ఎందుకు మొదలైందో చెబుతాను, వినండి. విన్నాక మీరు కూడా నవ్వుతారు. నవ్వండి, నాకు అలవాటే.

అరవయ్యో దశకం చివరి రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. స్టేషనుకు వెళ్ళే దారిలో నాకో సైకిలు షాపు ఉండేది. షాపంటే నాలుగు అద్దె సైకిళ్ళు, ఒక గాలి పంపు, పంక్చరు చూడడానికి ఒక నీళ్ళ బేసిను, వీటన్నిటికీ మించి నా నోరు. ఊరి జట్టు ఫుట్‌బాల్ నా దగ్గరే ఉండేది. బ్లాడరుకు చిల్లి పడితే అతుకు వేసేది నేను, గాలి కొట్టేది నేను, లేసు బిగించేది నేను. బంతిని కాలితో తన్నడం నాకు చేతకాదు. అయినా ఆట గురించి ఆఖరి మాట నాదే ఉండాలని నా గట్టి నమ్మకం.

దీనికి తోడు నాకో జబ్బు ఉండేది. కనిపెట్టే జబ్బు. అద్దెకిచ్చిన సైకిలు తిరిగి రాగానే టైరుకంటిన మట్టి చూసేవాణ్ణి. "ఏటి మావా, సంతకని సెప్పి అత్తోరింటికి ఎల్లొచ్చినావు గావాల?" అనేవాణ్ణి. పదిసార్లకు ఏడుసార్లు నిజమయ్యేది. మిగతా మూడూ ఎవరూ గుర్తు పెట్టుకునేవారు కాదు, ముఖ్యంగా నేను.

ఏటా కోతలయ్యాక హైస్కూలు మైదానంలో మాకూ టెక్కలి వాళ్ళకూ కప్పు మ్యాచి జరిగేది. వెదురు గుంజలకు కొబ్బరితాడు కడితే అదే గోలు. వెనక వల బదులు జనం. క్రితం ఏడాది మేమే ఓడిపోయాం. ఓడినవాళ్ళు ఊరుకుంటారా? రిఫరీ కోసం వెతికారు. ఆ పెద్దమనిషి పారిపోయి రైసుమిల్లు వెనక ఊక గుట్టలో మెడ దాకా దాక్కున్నాడు. మ్యాచికి ముందురోజు మా వాళ్ళు ఆయనకు నాటుకోడి పంపారట, టెక్కలి వాళ్ళు పొట్టేలు తొడ పంపారట. పొట్టేలు వైపు ఈల ఊదాడని మా ఆరోపణ. మిల్లు యజమాని, మా జట్టుకు పెసిడెంటు అయిన లక్ష్మునాయుడు గారు ఆయన్ని ఊకలోంచి లాగి, దులిపి, రైలెక్కించారు. ఈ ఊక సంగతి కాస్త గుర్తుంచుకోండి. అప్పుడు నేను గుర్తుంచుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మా గోలీ పేరు సింహాచలం. నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణస్నేహితుడు. పొట్టివాడు. చెయ్యెత్తి ఎగిరితే గాని పైన తాడు అందదు. పెంకుల బట్టీలో పని. బండి మీంచి ఒకడు మూడేసి పెంకులు విసురుతుంటే, కింద నిలబడి అందుకుని పేర్చడం వాడి ఉద్యోగం. పదేళ్ళలో ఒక్క పెంకు పగలలేదు. అలాంటి చేతుల్లోకి బంతి వచ్చిందంటే పిల్ల తల్లి ఒళ్ళోకి చేరినట్టే. ఇన్ని ఉన్నా, ఓడిపోయిన ప్రతిసారీ మా షాపు ముందు మాత్రం ఒకటే మాట వినిపించేది: "గోలీ పొడుగ్గా ఉంటే ఆ గోలు పడకపోను."

అప్పట్లో పెద్ద జట్లు ఒక్క మ్యాచి కోసం బయటి ఆటగాణ్ణి తెచ్చుకునేవి. ఖరగ్‌పూరు రైల్వే వాళ్ళలో ఎవరో ఒకరిని రప్పించి, చేపలతో అన్నం పెట్టి, ఆడించి పంపేవారు. అవతలి జట్టు మచ్చిక చేసుకుంటుందని మ్యాచి దాకా వాణ్ణి ఎవరికీ కనపడనిచ్చేవారు కాదు. మాకు అలాంటి అదృష్టం ఎప్పుడూ పట్టలేదు. పట్టకపోయినా ఏటా కోతలప్పటి నుంచీ "ఈ యేడు మనకి ఎవులో వస్తన్నారట" అనే మాట మాత్రం తప్పేది కాదు. ఎవరొస్తారు, ఎక్కడి నుంచి వస్తారు, ఏ కాలితో తంతారు? షాపు ముందు బల్ల మీద ఆ చర్చలు నడుస్తుంటే నాకు భోజనం కూడా గుర్తొచ్చేది కాదు.

ఆ ఏడాది మ్యాచి ఇంకో పదిరోజులుందనగా వడ్రంగి గవరేసు సైకిలుకు గాలి కొట్టించుకోడానికి వచ్చాడు.

"ఏటి గవరేసు బావా, పని ఎలాగున్నాది?" అన్నాను.

"ఏటి పనో రా సూరీ! లక్ష్మునాయుడు గోరు మంచం సెయ్యమన్నారు. ఆరున్నర అడుగులు! మడిసికా, ఏనుక్కా అన్నాను. నోరు మూసుకుని సెయ్యి, ఎవులితోనూ అనకు అన్నారు."

"మరి నాతో అంటన్నావు కదా?"

"నువ్వు ఎవులివేటి? మనోడివి."

నా చేతిలో పంపు ఆగిపోయింది. లక్ష్మునాయుడు గారు అయిదడుగుల మనిషి. ఆయన భార్య అంతకంటే పొట్టి. వాళ్ళ వంశంలో ఆరడుగులవాడు పుట్టిన దాఖలా లేదు. మరి ఈ మంచం ఎవరికి?

ఆ సాయంత్రమే గానుగ తవిటయ్య వచ్చాడు. తవిటయ్య నూనె వ్యాపారి. మా ఊళ్ళో నువ్వుల నూనె తప్ప ఇంకోటి వాడరు.

"ఒరే సూరీ, ఇసిత్రం ఇన్నావేట్రా? పెసిడెంటు గోరింటోళ్ళు ఆవనూనె అడిగినారు. ఇచ్చాపురం నుంచి తెప్పించి ఇచ్చినాను. ఆ కంపు నూనె మనోళ్ళు ఎవులు తింతారు?"

"మనోళ్ళు తినరు తవిటయ్య మావా," అన్నాను నెమ్మదిగా, లాయరు కోర్టులో లేచినట్టు లేచి. "బెంగాలీలు తింతారు."

ఇక చూస్కోండి. మర్నాడు నేను సైకిలెక్కి మిల్లు చుట్టూ మూడు చక్కర్లు కొట్టాను. మిల్లు బయటి గదికి సున్నం వేస్తున్నారు. గుమ్మం పైకమ్మి తలకు తగలకుండా పైన ఒక వరస ఇటుక కూడా తీస్తున్నారు! వంటామె చేపల తట్టతో లోపలికి వెళ్తోంది. పొడుగు మంచం, ఆవనూనె, సున్నం, చేపలు. నాలుగూ కలిపితే ఏమవుతుంది? చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఖరగ్‌పూరు నుంచి ఆరడుగుల బెంగాలీ గోలీ వస్తున్నాడు!

సాయంత్రానికి బల్ల మీద చోటు లేదు. నేను చెబుతున్నాను, జనం వింటున్నారు. మొదట ఆరడుగులన్నాను. రెండో టీ అయ్యేసరికి ఆరున్నరకు తెచ్చాను. ఊరికే నిలబడితే చాలు, కొబ్బరితాడు మెడకు తగులుతుందన్నాను.

"కలకత్తాలో పెద్ద క్లబ్బుకి ఆడతాడంటావా?" అన్నాడు గవరేసు.

"ఆడతాడేటి, ఆడీసినాడు. ఆళ్ళు బతిమాలినా ఒగ్గీసి వస్తన్నాడు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తవిటయ్యకు మాత్రం కొంచెం అనుమానం. "పెసిడెంటు గోర్ని అడిగీస్తే పోదా?" అన్నాడు.

సరే అని అందరం కలిసి మిల్లుకు వెళ్ళాం. లక్ష్మునాయుడు గారు గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డారు.

"ఎవులో వస్తన్నారటండి?" అన్నాను, కన్ను గీటుతూ.

ఆయన మొహం మాడిపోయింది. "ఎవులు సెప్పినార్రా నీకు?"

"ఎవులూ సెప్పలేదండి. నానే కనిపెట్టినాను."

"ఎవులూ రారు, ఏటీ లేదు. ఎల్లి నీ గాలి కొట్టుకో. ఈ మాట మళ్ళీ నీ నోట్లోంచి వస్తే పంపు తీసుకుని నీ నోట్లోనే కొడతాను."

మీరైతే ఏమనుకుంటారు? ఎవరూ రావటంలేదనుకుంటారు. నేను కాదు. బయటికి రాగానే చప్పట్లు కొట్టాను. "సూసినారా? లేకపోతే అంత కోపం ఎందుకొస్తాది? రహస్యంరా బాబూ, రహస్యం! టెక్కలోళ్ళకి తెలిసిపోతాదని భయం!" అందరూ ఒప్పుకున్నారు. తవిటయ్య కూడా ఒప్పుకున్నాడు. ఆయన లేదన్నకొద్దీ మాకు ఆ బెంగాలీ గోలీ కళ్ళ ముందు ఇంకో అంగుళం పెరుగుతున్నాడు.

ఇంతవరకూ జరిగింది ఉత్త వాగుడు. ఇంతటితో ఆగి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాళ్ళు. నేను ఆగలేదు. ఇక్కడి నుంచి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

మా గోలీకి పసుపు రంగు జెర్సీ ఒకటుండేది. ఊరంతటికీ అదొక్కటే. సింహాచలం దాన్ని బట్టీ నుంచి వచ్చాక తనే ఉతికి, ఆరేసి, మడతపెట్టి దిండు కింద పెట్టుకునేవాడు. అది ఆరున్నర అడుగుల మనిషికి బొడ్డు దాకా కూడా రాదని నాకు తట్టింది. తట్టడమే ఆలస్యం, షాపు ముందు జనం ఉండగానే సింహాచలాన్ని పిలిచాను.

"ఒరే సింహాచలం, ఆ జెర్సీ ఓసారి ఇలాగ తే."

"ఎందుకురా? సిరిగిందేటి?"

"సిరగలేదురా. కింద రెండు జానల గుడ్డ అతికించాల. కొత్తోడికి సరిపోవాల కదా. ఈ యేడు నువ్వు లైను బయట కుర్సీ ఏసుకుని కూకో. సోడా తెప్పిస్తాను." నిజం చెప్పొద్దూ, అప్పుడు నేను వాడికేదో మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

వాడు నా మొహం చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు.

"పెసిడెంటు గోరు సెప్పినారేటి?" అన్నాడు.

"ఆయన సెప్పలేదు. నానే సెప్తన్నాను. మంచం సూసినాను కదా."

వాడు ఇంటికి వెళ్ళి, జెర్సీ తెచ్చి, మడత చెదరకుండా నా గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను దాన్ని టైలరు దగ్గరికి తీసుకెళ్ళాను. పసుపు గుడ్డ దొరకలేదు. కింద రెండు జానల ఆకుపచ్చ గుడ్డ అతికించాడు. బాగానే ఉందనిపించింది. నా బుర్రలో అప్పుడు ఏది చూసినా బాగానే ఉండేది.

మూడో రోజున పెంకుల బండివాడు కబురు తెచ్చాడు. సింహాచలం బండి మీద టెక్కలి వెళ్ళాడట. అక్కడ వాళ్ళ గోలీకి చెయ్యి బెణికి ఉందట. "మా జట్టుకి ఆడతావేటి?" అని వాళ్ళడిగితే, "ఆడతాను" అన్నాడట. అంతే. బల్ల మీద వాళ్ళు కాస్త కంగారు పడ్డారు. నేను మాత్రం కాలు మీద కాలేసుకుని, "పోతే పోనీ. మనకి ఆరున్నర అడుగులు వస్తన్నాది," అన్నాను. ఆ మాట అన్నాక ఆ పూట మటుకు నాకు అన్నం సహించలేదు.

మ్యాచి రోజు రానే వచ్చింది. పలాసలో మెయిలు దిగినవాళ్ళు పొద్దుటి పాసింజరులో మా ఊరొస్తారు. గోలీ అందులోనే వస్తాడని నేను తేల్చాను. తప్పెట్లు, సన్నాయి, బంతిపూల దండ, అరవై మంది జనంతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. నా చంకలో బంతి, చేతిలో అతుకుల జెర్సీ. ఒక మూల లక్ష్మునాయుడు గారు కూడా ఉన్నారు. మమ్మల్ని చూసి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

రైలు ఆగింది. ఒక పెట్టె తలుపులోంచి మనిషి వంగి దిగాడు. దిగి, నిటారుగా నిలబడ్డాడు. నిలబడుతూనే ఉన్నాడు. జనం "ఓ!" అన్నారు. నా లెక్క నాలుగంగుళాలే తప్పింది. ఆరడుగుల రెండంగుళాల బెంగాలీ! చేతిలో చిన్న ట్రంకుపెట్టె, కాళ్ళకు బూట్లు.

తప్పెట్లు మోగాయి. నేను కుర్చీ ఎక్కి దండ వేశాను. జెర్సీ ఆయన గుండెకు ఆనించి చూశాను. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది! నేను వెనక్కి తిరిగి జనానికి చూపించాను. నలుగురు ఆయన్ని భుజాల మీదికెత్తారు. "కోటబొమ్మాళి గోలీకి జై!" అని అరవై గొంతులు. ఆ సమయంలో నన్నెవరైనా జిల్లా కలెక్టరువి అని ఉంటే కాదనేవాణ్ణి కాదు.

ఆయన కిందికి దిగాక, చేతుల్తో పడితే చూసి మురిసిపోదామని బంతి విసిరాను. ఆయన కాలితో ఆపి, చేత్తో తీసి, బొటనవేలితో నొక్కి చూశాడు.

"గాలి తక్కువ ఉంది," అన్నాడు శుభ్రమైన ఖరగ్‌పూరు తెలుగులో. "ఎవరు కొట్టారు?"

"నానే బాబూ."

"మళ్ళీ కొట్టండి. ఇంకో సంగతి. నేను గోలీని కాదు." జేబులో చెయ్యి పెట్టి, నల్లదారానికి కట్టిన ఈల తీశాడు. "నేను రిఫరీని."

సన్నాయి ఒక్కటీ ఇంకొంచెంసేపు మోగింది, పాపం ఊదేవాడికి ఆ మాట వినపడలేదు. తర్వాత అదీ ఆగింది.

లక్ష్మునాయుడు గారు కండువా తీసి నా ముందుకొచ్చారు. "ఒరే సూరీ! పోయినేడు రిఫరీ సంగతి ముందే తెలిసిపోయి ఇద్దరూ కోళ్ళూ పొట్టేళ్ళూ పంపించీసినారు. సివరికి నాను ఊకలోంచి లాగినాను. అందుకని ఈ యేడు బయటోణ్ణి, ఎవులికీ తెలీకుండా రప్పించినాను. టెక్కలి పెసిడెంటుకీ నాకూ తప్ప మూడో మడిసికి తెలీదు. ఇప్పుడు నువ్వు ఆయనకి దండేసీసినావు. ఊరేగించీసినావు. జై అన్నావు. సొక్కా కూడా కుట్టించీసినావు! టెక్కలోళ్ళు ఇంటే ఊరుకుంతారేట్రా?"

రిఫరీ గారు దండ తీసి మడిచి నా చేతిలో పెట్టారు. "కంగారు లేదు నాయుడుగారూ. ఈ మర్యాదకు నేను ఎటూ మొగ్గనని మైదానంలో చూపిస్తాను," అన్నారు. అది అభయమో బెదిరింపో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం అర్థమయింది.

అప్పుడు గవరేసు అడిగాడు, మెల్లగా: "మరి మనకి గోలీ ఎవులు?"

నేను పరుగున టెక్కలి వాళ్ళ లారీ ఆగే చోటికి పోయాను. సింహాచలం దిగుతున్నాడు. ఒంటి మీద టెక్కలి వాళ్ళ నీలం జెర్సీ.

"ఒరే, తప్పైపోయిందిరా. వచ్చీరా," అన్నాను.

"రానురా. మాటిచ్చీసినాను."

"మనూరురా!"

"మనూరే. నువ్వు సొక్కా తీసీసుకున్నావు, ఆళ్ళు సొక్కా ఇచ్చినారు. నానేటి సేసేది?" కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

తిరిగి వచ్చేసరికి జట్టంతా నా కోసమే నిలబడి ఉంది. లక్ష్మునాయుడు గారు అతుకుల జెర్సీ నా మొహాన విసిరారు. "గోలీని పంపించీసినోడివి నువ్వే. ఎల్లి నువ్వే నిలబడు."

"నాకు ఆట రాదండి!"

"కనిపెట్టు."

తొడుక్కున్నాను. నేను అయిదున్నర అడుగులు. పైన పసుపు, కింద ఆకుపచ్చ, మోకాళ్ళ దాకా. ఆ వేషంలో మైదానంలోకి నడుస్తుంటే ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, "లోపల నిక్కరుందేటే?" అన్నారు. ఉందని చూపించుకునే అవకాశం కూడా లేదు.

మ్యాచి ఎలా సాగిందంటే, మా బ్యాకులు ప్రాణాలకు తెగించి ఆడారు. నా దాకా బంతి రానిస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. రెండుసార్లు వచ్చింది. ఒకసారి నా కడుపుకు తగిలి వెనక్కి పోయింది, ఇంకోసారి నా ముక్కుకు తగిలి పైకి పోయింది. జనం రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. అవి నేను ఆపినవే అనుకున్నారు, నేనూ కాదనలేదు. అటువైపు సింహాచలం మా వాళ్ళు కొట్టినవన్నీ పెంకులందుకున్నట్టు అందుకుంటున్నాడు. రిఫరీ గారు మా వాళ్ళు దగ్గినా ఈల ఊదుతున్నారు.

ఇంకో రెండు నిమిషాలుంది. ఎవరికీ గోలు లేదు. టెక్కలి ఫార్వర్డు ఒకడు మా బ్యాకుల్ని దాటి ఒంటరిగా వచ్చేశాడు. నేను ముందుకు ఉరికాను. ధైర్యంగానే ఉరికాను, ఆ మాట మీరు నమ్మాలి. రెండో అడుగులో ఆ ఆకుపచ్చ గుడ్డ నా మోకాళ్ళకు చుట్టుకుంది. నేను ఎగిరి వాడి మీద పడ్డాను. ఇద్దరం కలిసి దొర్లాం. వాడి నడుం ఇంకా నా చేతుల్లోనే ఉంది. ఈల మోగింది. పెనాల్టీ!

మా వాళ్ళు కూడా గొడవ చెయ్యలేదు. గొడవ చెయ్యడానికి మొహం ఉండాలి కదా. టెక్కలి కెప్టెను బంతి తీసుకోబోతుంటే, అవతలి గోలు దగ్గర్నుంచి ఎవరో చెయ్యెత్తారు. సింహాచలం. ఏదో అడిగాడు, కెప్టెను తలూపాడు. గోలీ వచ్చి పెనాల్టీ కొట్టడం అప్పటికి మా వైపు ఎవరూ చూసి ఉండరు. మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా వాడు ఒక్కడే నడిచొచ్చాడు.

బంతి పెట్టడానికి వంగాడు. వంగి, పెదాలు కదపకుండా అన్నాడు: "ఒరే సూరీ. నీ ఎడం పక్కకి కొడతన్నాను. కిందనే వస్తాది. పట్టుకో."

నా బుర్ర గిర్రున తిరిగింది. వీడు నా మీద పగతో ఉన్నాడు. పగతో ఉన్నవాడు నిజమెందుకు చెబుతాడు? ఎడమన్నాడంటే కుడి. కాదు, నేను ఇలా ఆలోచిస్తానని వాడికి తెలుసు కాబట్టి ఎడమే. కాదు, నేను ఇలా కూడా ఆలోచిస్తానని తెలుసు కాబట్టి మళ్ళీ కుడి. వాడి కన్ను చూశాను, బొటనవేలు చూశాను, మట్టి చూశాను. టైరు మట్టి చూసి మనుషుల గుట్టు చెప్పినవాణ్ణి! తేల్చేశాను. కుడి. ఈల మోగగానే ప్రాణమంతా పెట్టి కుడి పక్కకు దూకాను.

బంతి ఎడమ పక్కకి వచ్చింది. కిందనే వచ్చింది. ఎంత మెల్లగా వచ్చిందంటే, నేను కిందపడి, జెర్సీ తలమీదికి వచ్చేస్తే దాన్ని కిందికి లాక్కుని, తిరిగి చూసేసరికి అది ఇంకా గీత దాటుతోంది. పాకుతూ వెళ్ళినా పట్టుకోవచ్చు. ముసలమ్మ అయినా కొంగు అడ్డం పెట్టి ఆపొచ్చు.

సింహాచలం నా దగ్గరకొచ్చి చెయ్యిచ్చి లేపాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

"సెప్పినాను కదరా," అన్నాడు.

"నువ్వు నిజం సెప్తన్నావని నాకేటి తెలుసురా?"

"నానెప్పుడేనా నీకు అబద్ధం సెప్పినానేట్రా?"

ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ ఒక్కసారీ చెప్పలేదు. మంచానికీ నూనెకీ సున్నానికీ నేను లెక్క కట్టాను గాని, రోజూ కళ్ళెదుట తిరిగే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. వాడు ఆ మాట అడిగినప్పుడు, ఇంత ఊరి మధ్య, మోకాళ్ళ దాకా జెర్సీ వేసుకుని నేను ఏడ్చేశాను. కప్పు పోయినందుకని అందరూ అనుకున్నారు. అనుకోనివ్వండి.

కప్పు టెక్కలి లారీ ఎక్కింది. సింహాచలం మాత్రం ఎక్కలేదు. నీలం జెర్సీ విప్పి వాళ్ళకు తిరిగిచ్చేసి, "ఆ అతుకు ఇప్పించీ, ఉతికి తే," అని నాతో అని ఇంటికి పోయాడు. రాత్రికి రాత్రి ఊరేమీ మారలేదు. నేనే మర్నాడు పొద్దున్న టైలరు దగ్గర కూర్చుని ఆ ఆకుపచ్చ గుడ్డ ఒక్కో కుట్టూ నా చేత్తో విప్పాను. రిఫరీ గారు వెళ్ళాక లక్ష్మునాయుడు గారు ఆ ఆరున్నర అడుగుల మంచాన్ని బండి మీద నా షాపుకు పంపించారు. "నీదేరా ఇది. దీని మీద పడుకుని కనిపెట్టు," అని కబురు. ఇప్పటికీ అది షాపులోనే ఉంది. సాయంత్రాలు నేనూ సింహాచలమూ దాని మీదే కూర్చుంటాం. ఇద్దరం కూర్చున్నా ఇంకో ఇద్దరికి చోటుంటుంది.

కనక పాఠక మహాశయులారా, ఈ మంచం పట్టె మీద చెయ్యి వేసి, అరసవిల్లి సూర్యనారాయణమూర్తి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరింటికి ఏ నూనె పోయినా, ఏ గదికి సున్నం పడినా, ఎంత పొడుగు మంచం మోసుకుపోయినా నేను దానికి అర్థం వెతకను. కళ్ళు తెరిచి చూస్తాను, చేత్తో గాలి కొడతాను, నోరు మూసుకుని కూర్చుంటాను.

ఈ ముక్క రాసి సింహాచలానికి చదివి వినిపించాను. వాడు బోసినోటితో నవ్వాడు.

"నిలబెట్టుకోవురా," అన్నాడు.

"నీకేటి తెలుసు?"

"నిన్న మిల్లుకి కొత్త మంచం ఎల్తంటే, బండి ఆపి జానలతో కొలవలేదేట్రా నువ్వు?"

కొలిచిన మాట నిజమే. వాడెప్పుడూ అబద్ధం చెప్పడని చెప్పాను కదా. అయితే ఎంతుందో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మీకొక్కరికే చెబుతున్నాను: ఆరూ ముప్పావు.